తవిటయ్య కాదన్న సినిమా

విశాఖపట్నంలో సినిమాల్లో వెయ్యని మనిషి లేడు. భీమిలి ఒడ్డున షూటింగ్ జరుగుతుంటే తాడు అవతల నిలబడి మరమరాలు నమిలినవాడు కూడా, "ఆ పాటలో ఎడమ పక్క గళ్ల చొక్కా నాదే" అంటాడు. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి గొడుగు ఏదో వాన సీనులో కనబడిందట. అది తుప్పుపట్టి తెరుచుకోవడం మానేసినా ఆయన పారెయ్యలేదు. అలాంటి ఊళ్లో, తెర నిండా ముఖం కనబడి, ఒక మాట కూడా ఉన్న మనిషి ఒకడున్నాడనీ, అడిగితే "ఆడు నాను కాదు" అంటాడనీ విన్నప్పుడు నాకు అన్నం సహించలేదు. వేశానని అబద్ధమాడేవాళ్లని నేను అర్థం చేసుకోగలను. ఈ తిరగేసిన అబద్ధం ఎందుకో తెలిసేదాకా నాకేమీ తోచదు.

నా పేరు గంగాధరరావు. రామచంద్రపురం నుంచి పోర్టులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పగలు ఆఫీసు, సాయంత్రం నాటక సంఘం. నటుణ్ణి కాదు, ప్రాంప్టర్ని. పక్కతెర వెనక స్క్రిప్టు పట్టుకుని నిలబడి, నటుడు మాట మరిచిపోతే నోటికి అందించడం నా పని. చప్పట్లు వాళ్లకి, దోమలు మాకు. ఈ పని చేసీ చేసీ నాకో రోగం పట్టుకుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్లకేసి చూడను, పెదాలకేసి చూస్తాను. మాట తడబడబోతోందని అన్నిటికంటే ముందు పెదాలకే తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ భ్రమరాంబ దీన్ని ప్రేమ అనుకుంది. తరవాత సంగతి తెలిసి, మొహం అటు తిప్పుకుని మాట్లాడ్డం నేర్చుకుంది.

ఎనభై నాలుగులో మా సంఘం పరిషత్తు పోటీలకని ఒక నాటకం ఎత్తుకుంది. అందులో ముసలి జాలరి వేషమే ప్రాణం. సెక్రటరీ త్రినాథరావు, పోర్టులోనే క్రేను నడిపేవాడు, వచ్చినవాళ్లందరిచేతా ఆ వేషం చదివించి అందర్నీ ఇంటికి పంపేశాడు.

"ఇది తవిటయ్య మావ ఏసం బావా," అన్నాడు చివరికి. "మావ వొచ్చి నిలబడితే మనమందరం కర్టెన్లు కట్టుకుంటే సాలు."

"మరి పిలవరేం?"

"పిలిస్తే రాడు. మన పోర్టులోనే కళాసీ. మూటలు మోసీసి, సాయంత్రం డ్రామాలాడీవోడు. మైకు ఆగిపోయినా ఆకరి బల్ల మీద ముసిల్దానికి మాట ఇనబడీది. డెబ్బయ్యారులో సినిమావోలు భీమిలొచ్చి ఒక సీను ఏయించారు. బొమ్మ రిలీజయినాది, అంతే, మల్లీ మొకానికి రంగు ముట్టనేదు. తలకెక్కిపోనాది బావా."

"సినిమా తలకెక్కినవాడు సినిమాలో వేశానని చెప్పుకోవాలి కదా?"

"అదే మరి. అడిగితే, ఆడు నాను కాదంతాడు."

త్రినాథరావు అప్పటికే వాల్‌పోస్టరు ఊహించేసుకున్నాడు. తవిటయ్య పేరు కింద 'సినీ నటుడు' అని ఎర్ర అక్షరాలు పడితే గాజువాక నుంచి కూడా జనం దిగుతారని అతని అంచనా. తవిటయ్య రాకపోతే నాటకాన్ని పోటీకే పంపనని కూడా తేల్చేశాడు. అతనికి నాటకం కావాలి. ఆ మనిషి ఎందుకు కాదంటున్నాడో నాకు కావాలి.

ఆదివారం మద్దిలపాలెం డిపో వెనక సందులో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తవిటయ్య అరుగు మీద నులకమంచం బిగిస్తున్నాడు. యాభై దాటిన మనిషి, భుజాలు తలుపంత ఉన్నాయి. "కూకోండి బాబూ," అన్నాడు, లోపల ఎవరో పడుకున్నట్టు గొంతు బాగా తగ్గించి. లోపల ఎవరూ పడుకోలేదు. ఆయన భార్య కాశమ్మ పెరట్లో చేపలు తోముతోంది. ఆఖరి బల్ల దాకా వినబడే గొంతు ఇదేనా అని నాకు అనుమానం వచ్చింది.

నాటకం సంగతి చెప్పాను. ఓపిక లేదన్నాడు. నులక లాగుతున్న ఆ చేతులు చూస్తే ఓపిక లేనిది నాకే అనిపించింది. ఉండబట్టలేక, "భీమిలిలో తీసిన ఆ సినిమా గురించి" అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. "ఆడు నాను కాదు బాబూ," అన్నాడు, నాకేసి చూడకుండానే. లేచి, కండువా దులుపుకుని, సందు దాటి ఎటో వెళ్లిపోయాడు. సగం బిగించిన మంచం, నేను అరుగు మీద మిగిలాం.

కాశమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ గుమ్మంలో చతికిలబడి, ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టు మొదలెట్టింది.

"ఆ బొమ్మొచ్చినప్పుడు మా పేటంతటినీ ఏసుకుని ఎల్లాం బాబూ. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఈయన మొకం తెర మీదకొచ్చినాది. నోరు తెరిసినాడు. మరొకడి గొంతొచ్చినాది. నా సెయ్యట్టుకుని బయటికి లాక్కొచ్చీసాడు. ఆ బొమ్మ ఆకరికి ఏటయిందో నాకు ఇప్పటికీ తెలీదు."

మద్రాసులో ఎవరిచేతో డబ్బింగు చెప్పించారన్నమాట. అది సినిమావాళ్లకి మామూలే. బాధపడాల్సిందే గానీ, అందుకు 'నేను కాదు' అనడమెందుకని అడిగాను.

"అక్కడితో ఒగ్గీసుంటే బాగున్ను. తరవాత సుట్టాల పెళ్లికెల్లాం. సినిమాలో మాట సెప్పు, సెప్పు అనీసి అందరూ పట్టుకున్నారు. పోనీలెమ్మని ఆ మాటే ఈయన గొంతుతో సెప్పినాడు. ఓలు నవ్వీసారు. అలాక్కాదు, సినిమాలో బాగున్నాది, నీకు రాటం నేదన్నారు. పెళ్లికొడుకు తమ్ముడు లెగిసి, గొంతు మార్సి, సినిమాలోలాగ సెప్తే సప్పట్లు కొట్టారు. ఆ దినం నుంచీ, ఆడు నాను కాదు అంతన్నాడు. మెల్లగా మాటాడ్డం కూడా ఆ దినం నుంచే."

తలకెక్కిందని ఊరంతా అనుకున్న మనిషిని, ఊరంతా కలిసి ఆయన ముఖంలోంచే బయటికి గెంటేశారు. అయినా దురద పోలేదు. పైగా, ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలన్న కొత్త దురద పట్టుకుంది.

అదృష్టం బాగుండి ఆ సినిమా ఆ వేసవిలోనే గాజువాకలో ఒక పాత హాలుకి మళ్లీ వచ్చింది. స్టీలుప్లాంటు కడుతున్న రోజులు. ఏ పాత బొమ్మ వేసినా డ్యూటీ దిగిన జనంతో బెంచీలు నిండిపోయేవి. మ్యాట్నీకి వెళ్లాను.

సీను వచ్చింది. ఒడ్డున పాక. పాక ముందు పొయ్యి, పొయ్యి మీద కుండ. ముసలి తల్లి గొట్టంతో ఊదుతోంది. దూరం నుంచి తడిసిన పంచెతో తవిటయ్య వస్తున్నాడు. వచ్చి నిలబడ్డాడు. ముఖం తెర నిండా పరుచుకుంది. ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు ఆ గొంతు వచ్చింది. "నీ కొడుకిక తిరిగి రాడు తల్లీ." మంచి గొంతే, చదువుకున్న గొంతు. రేడియోలో అయితే నేనూ మెచ్చుకుందును.

కానీ నా రోగం నాకుంది కదా, నేను పెదాలు చూశాను. ఆ మాటలో పెదాలు కలిసే అక్షరం ఒక్కటి లేదు. కావాలంటే పలికి చూసుకోండి, పై పెదవి కింది పెదవిని తాకదు. తెర మీద తవిటయ్య పెదాలు మాత్రం మూసుకుని విడిపోయాయి, మళ్లీ మూసుకున్నాయి, ఆగి, మళ్లీ. గొంతే కాదు, మాట కూడా ఆయనది కాదు. ఒడ్డున నిలబడి ఈ మనిషి చెప్పింది వేరే ఏదో.

ఇంకో వింత కూడా జరిగింది. కొడుకు రాడని విన్న తల్లి గుండెలు బాదుకోలేదు, సముద్రంకేసి చూడలేదు. వంగి, పొయ్యిలోంచి మండుతున్న కట్టె బయటికి లాగింది. "అన్నం మాడిపోద్దని దిగులు," అన్నాడు ముందు బెంచీలో ఒకడు. హాలంతా నవ్వింది. ఆ తరవాతే ఏడుపు, వయొలిన్లు.

ఇంటికొచ్చి కూడా అదే ఆలోచన. ఇన్నేళ్ల ప్రాంప్టింగులో నటుడు ఏం చెబుతున్నాడో నాకు తెలియకుండా పోవడం ఎప్పుడూ లేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. కాశమ్మని కలిసి, షూటింగులో ఆయన ఏం చెప్పాడో తెలుసా అని అడిగాను. "నానూ ఒడ్డునే ఉన్నాను బాబూ. జనరేటర్ మోత, జనం గోల. పెదాలు కదలడం సూసాను గానీ మాట ఇనబడనేదు. అడిగితే సెప్పడు," అంది. ఆవిడ మొహంలో కూడా అచ్చం నాలాంటి దురదే కనబడింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

హాల్లో ఆపరేటరు ఎల్లాజీ రోజూ వస్తున్న నన్ను కనిపెట్టాడు. "ఏటి బాబూ, ఈ బొమ్మలో మీ సుట్టాలెవులైనా ఉన్నారేటి?" అన్నాడు. అతనిది భీమిలే. తవిటయ్య నాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. ఉన్నదంతా చెప్పి, ఆ ఒక్క సీనుకి సౌండు తీసెయ్యగలవా అని అడిగాను.

"మీట తిప్పితే అయిపోద్ది. జనం బెంచీలు ఇరిసీసి నా మీదికొచ్చీస్తారు." బీడీ నేలకేసి నలిపాడు. "మావ నిజంగా వచ్చి కూకుంటే సేత్తాను. మావ గొంతు తీసీసినోలు తీసీసారు, నాను ఈ గొంతు తీసీలేనేటి?"

తవిటయ్యని హాలుకి తేవడం నా వల్ల అయ్యే పని కాదు. అది కాశమ్మ చేసింది. సౌండు సంగతి ఆవిడకి చెప్పాను గానీ ఆయనకి చెప్పొద్దన్నాను. ఆవిడ చెప్పాల్సిన అవసరమే రాలేదు. "పెళ్లాన్ని సగం బొమ్మలోంచి లాక్కొచ్చీసిన మొగుడివి నువ్వొక్కడివే. ఆ ముసిల్ది ఏటయినాదో నాను సచ్చీలోగా సూడాల," అని అన్నం పెట్టడం మానేసిందట. రెండో పూటకి ఆయన దిగొచ్చాడు. ఆ సీను వచ్చినప్పుడు కళ్లు మూసుకుంటాననీ, అయిపోయాక చెప్పమనీ షరతు పెట్టాడు.

నడవ పక్కన ముగ్గురం కూర్చున్నాం. అటు ఆయన, మధ్యలో కాశమ్మ, ఇటు నేను. నన్ను చూసి తవిటయ్య అర్థమైందన్నట్టు ఒకసారి తలాడించాడు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నటుడి పక్కన నేనుండి, చేతిలో స్క్రిప్టు లేకపోవడం ఎప్పుడూ ఎరగను. ఆయనకి కోపం వస్తే, బాధపడితే, మళ్లీ లేచి వెళ్లిపోతే అందించడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. అప్పుడు భయం వేసింది.

పాక కనబడింది. తవిటయ్య కళ్లు మూసుకున్నాడు. పొయ్యి ఊదుతున్న చప్పుడు, అలల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎల్లాజీ మాట నిలబెట్టుకున్నాడు.

ఇక చూడండి. ఈలలు, కేకలు. "సౌండ్, సౌండ్" అని బెంచీలు కొట్టడం. ఎవడో ఆపరేటర్ తల్లిదండ్రుల్ని తలుచుకున్నాడు. ఆ గోలలో తవిటయ్య కళ్లు తెరిచాడు. గొంతు పోయిందని ఆయనకి అర్థం కావడం నేను పక్కనుంచి చూశాను. తెర మీద తడి పంచెతో తను నడిచి వస్తున్నాడు, నోరు లేకుండా. ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు. వెళ్లిపోతాడేమోనని కాశమ్మ చొక్కా పట్టుకుంది.

తెర నిండా ముఖం వచ్చింది. అక్కడ తవిటయ్య ఊపిరి తీసుకున్నాడు. ఇక్కడ తవిటయ్య అదే ఊపిరి తీసుకున్నాడు.

"పొయ్యార్పీ, పోతమ్మా."

అరవలేదు. ఏడుపు గొంతు పెట్టలేదు. గుమ్మంలో నిలబడి ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పాడు. అంత గోల మీంచీ ఆ మాట నడుచుకుంటూ పోయి ఆఖరి బెంచీ దాకా చేరింది. తెర మీద పెదాలు ఎక్కడ మూసుకున్నాయో అక్కడ మాట మూసుకుంది, ఎక్కడ ఆగాయో అక్కడ ఆగింది. ఈలలు ఆగిపోయాయి. తెర మీద ముసలి తల్లి వంగి, పొయ్యిలోంచి మండుతున్న కట్టె బయటికి లాగింది.

ఈసారి ఎవడూ నవ్వలేదు. వెనక ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "ఓలమ్మా" అని ఏడవడం వినబడింది. కాశమ్మ చీకట్లో నా వైపు వంగి, "పోతమ్మ మాయత్త పేరు బాబూ," అంది. నాకు కళ్లు మసకబారాయి. సిగ్గుపడకుండా తుడుచుకున్నాను.

వయొలిన్లు తిరిగొచ్చాయి. తవిటయ్య కూర్చున్నాడు. సినిమా అయిపోయేదాకా కదల్లేదు. చివర్లో ముసలి తల్లి ఏమైందో కాశమ్మ చూసింది. "ఇంతేనా?" అంది నిరాశగా.

బయట టీకొట్టు దగ్గర తవిటయ్య గ్లాసు అందుకున్నాడు. నేను ఏమీ అడగలేదు. నాకది ఎంత కష్టమో భ్రమరాంబకి తెలుసు. చివరికి ఆయనే మొదలెట్టాడు.

"మా పేటలో, మనిసి సచ్చిపోనాడని నోటితో అనరు బాబూ. సావొచ్చిన ఇంట పొయ్యెలగదు కదా. అందుకని గుమ్మంలో నిలబడి, పొయ్యార్పీ అంతారు. ఆడది తెలిసీసుకుంటాది. మాయయ్య తెప్ప తిరిగి రానప్పుడు మా సిన్నాన్న వొచ్చి మాయమ్మకి అలగే సెప్పినాడు. నాను పక్కన కూకున్నాను. అన్నం ఎప్పుడవుద్దా అని కుండకేసి సూత్తన్నాను."

టీ ఒక గుక్క తాగాడు.

"డైరెట్రు బాబు, మీలో మీరు ఎలా సెప్పుకుంతారో అలాగే సెప్పు అన్నాడు. సెప్పీసాను. ఆ నటించినావిడ మంచి మనిసి. నా మాట ఇనగానే ఆవిడ సెయ్యి దానంతటదే కట్టె మీదికెల్లిపోనాది. తీసినాక నా దగ్గరికొచ్చి దణ్ణం ఎట్టింది. తరవాత మద్రాసులో ఎవులో ఆ మాట తీసీసి ఇంకేటో ఎట్టీసారు. ఆలకేటి తెలుసు, ఆల తప్పు కాదు. కానీ బాబూ, మాయమ్మకొచ్చిన మాట అది. మరొకల నోట్లోంచి మరోలాగ వస్తే, ఆడు నానెలాగవుతాను?"

ఇన్నాళ్లూ నేను వెతికింది ఒక సరదా సంగతి. దొరికింది ఒక ఇంటి పొయ్యి.

బస్సు కోసం నడుస్తుంటే ఆయనే అడిగాడు. "ఆ ముసిలోడి ఏసం ఎవులికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"త్రినాతు పోస్టరు మీద సినిమా అనీసి ఏస్తాడేటి?"

"మీరు వద్దంటే వెయ్యడు. నేను చూసుకుంటాను."

బస్టాపులో జనం కిక్కిరిసి ఉన్నారు. సగం మంది హాల్లోంచి వచ్చినవాళ్లే. సిమెంటు దుమ్ము పట్టిన చొక్కాతో ఒక ప్లాంటు కూలీ తవిటయ్యనే తేరిపార చూస్తున్నాడు. చూసి చూసి దగ్గరికొచ్చాడు.

"ఇందాక హాల్లో మాట సెప్పినాది నువ్వే కదా మావా. ఆ బొమ్మలో ఉన్నాది కూడా నువ్వేనేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. కాశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అలవాటు కొద్దీ తవిటయ్య పెదాలకేసి చూశాను. ఎన్నేళ్లుగానో ఆయన చెబుతున్న ఆ పాత మాట నాకు కంఠతా వచ్చు. తడబడితే అందించడానికి నా నాలుక చివర సిద్ధంగా ఉంది కూడా.

ఆయనకి నా అవసరం పడలేదు.

"నానే," అన్నాడు, రోడ్డుకి అటుపక్క బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూసేలా.